3 సెంటీమీటర్లు దాటిన గడ్డ, రొమ్ము ఉంచి ఆపరేషన్ చేయించుకోవచ్చా? సత్తెనపల్లి అమ్మాయికి జవాబు

ముందు ప్రశ్న క్లుప్తంగా. అమ్మకు 51 ఏళ్లు, ఊరు సత్తెనపల్లి. ఎడమ రొమ్ము కింది భాగంలో గడ్డ, స్కానింగ్‌లో 3.2 సెంటీమీటర్లు. ముక్క పరీక్షలో ఇన్‌వేసివ్ డక్టల్ కార్సినోమా (పాల నాళాల్లో పుట్టి చుట్టూ పాకే రొమ్ము క్యాన్సర్), గ్రేడ్ 2 అని వచ్చింది. ఈఆర్, పీఆర్ (క్యాన్సర్ కణాల మీది హార్మోన్ గ్రాహకాలు) పాజిటివ్, హర్2 (కణాలను పెంచే ఒక ప్రొటీన్) నెగటివ్. చంకలో అనుమానించాల్సిన గ్రంథులేమీ కనబడలేదు. సుగర్ ఉంది. రొమ్ములు పెద్దవి, బాగా జారి ఉన్నాయి. గుంటూరులో చూసిన సర్జన్ మొత్తం తీసేద్దామన్నారు. విజయవాడలో చూసిన సర్జన్ ఆంకోప్లాస్టిక్ పద్ధతిలో రొమ్ము ఉంచి చేద్దామన్నారు, కావాలంటే కుడివైపు కూడా తగ్గించి రెండూ సమానం చేస్తామన్నారు. మేనమామగారేమో "ఈ వయసులో అందం ఎవరికి కావాలి, మొత్తం తీయించెయ్యండి, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు. రొమ్ము ఉంచితే ప్రాణానికి ముప్పా, సుగర్ ఉన్నవాళ్లకు ఇంత ఆపరేషన్ అవసరమా అని మీరు అడిగారు.

నేను క్యాన్సర్ సర్జన్ని, ఇన్నేళ్లూ విజయవాడ, గుంటూరుల్లోనే పనిచేశాను. మీరు రాసిన రిపోర్టులు చదివి మాత్రమే చెబుతున్నాను కాబట్టి అమ్మను చేత్తో పరీక్షించిన డాక్టర్ల మాటకే ఎక్కువ విలువివ్వండి. నా మాట మీరు వాళ్లను ఏం అడగాలో తెలుసుకోవడానికి పనికొస్తే చాలు.

ప్రాణం సంగతి మొదట తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో మిగతా వాదనలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. ఇది నా అభిప్రాయంతో తేలే విషయం కాదు, ఏనాడో పరీక్షించి తేల్చారు. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం 1976లో బీ-06 అనే ట్రయల్ మొదలుపెట్టింది. 4 సెంటీమీటర్ల దాకా గడ్డ ఉన్నవాళ్లను చీటీలు తీసినట్టు మూడు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు రొమ్ము మొత్తం తీశారు, ఒక గుంపుకు గడ్డ వరకే తీశారు, మూడో గుంపుకు గడ్డ తీసి రెడియేషన్ ఇచ్చారు. 1,851 మంది లెక్కలు 20 ఏళ్ల తర్వాత, 2002లో బయటికొచ్చాయి. బతికినవాళ్ల సంఖ్యలో మూడు గుంపుల మధ్య తేడా లేదు. ఇటలీలోని మిలాన్‌లో ఉంబెర్తో వెరొనేసి 701 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు కూడా అదే ఏడాది, అదే పత్రికలో వచ్చాయి. అక్కడా అదే మాట. మీ అమ్మగారి 3.2 సెంటీమీటర్లు బీ-06 కొలతల్లోపే ఉంది.

అయితే ఆ లెక్కల్లోనే ఇంకో సంగతి ఉంది, దాన్ని వదిలేసి మొదటి సగం మాత్రం చెప్పడం తప్పు. గడ్డ మాత్రం తీసి రెడియేషన్ ఇవ్వనివాళ్లలో 39.2 శాతం మందికి అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది. రెడియేషన్ తీసుకున్నవాళ్లలో అది 14.3 శాతం. అవి పాతకాలపు మందులు, పాత యంత్రాలు కాబట్టి ఈరోజు అంకెలు ఇంకా తక్కువే ఉంటాయి. కానీ ఆ రెండింటి మధ్య దూరం చూడండి. రొమ్ము ఉంచడం అంటే ఆపరేషనూ రెడియేషనూ కలిపి ఒకే వైద్యం. రెడియేషన్ తీసుకోలేని పరిస్థితి ఉంటే, లేదా తీసుకోవడం ఇష్టం లేకపోతే, నేను కూడా మీ మేనమామగారి వైపే నిలబడతాను.

ఇంకో భ్రమ కూడా ఇక్కడే తీర్చేయాలి. మొత్తం తీసేస్తే రెడియేషన్ తప్పుతుందని చాలామంది అనుకుంటారు. తప్పొచ్చు, తప్పకపోవచ్చు. ఆపరేషన్ తర్వాత చంక గ్రంథుల్లో నాలుగో అంతకంటే ఎక్కువో జబ్బు దొరికితే మొత్తం తీసినా రెడియేషన్ ఇస్తారు. ఒకటి నుంచి మూడు దొరికినా చాలాసార్లు ఇస్తారు. గడ్డ మరీ పెద్దదైనా, చర్మానికి పట్టినా ఇస్తారు. మొత్తం తీసిన చోట ఛాతీ చర్మంలో జబ్బు తిరగబెట్టడం కూడా ఉంది. కీమో అయినా అంతే, అది ఇవ్వాలా వద్దా అన్నది గడ్డ స్వభావాన్ని బట్టి తేలుతుంది. రొమ్ము తీశారా ఉంచారా అన్నదానితో దానికి సంబంధం లేదు. "గొడవ వదిలిపోతుంది" అన్న మాట వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఏ గొడవ వదులుతుందో అడిగి చూడండి.

సరే, ఆంకోప్లాస్టిక్ సంగతికి వద్దాం. ఈ పేరు వినగానే ప్లాస్టిక్ సర్జరీ, సోకు, సినిమావాళ్లు అనిపిస్తుంది. అసలు కథ వేరు. పాత పద్ధతిలో రొమ్ము ఉంచే ఆపరేషన్‌లో సర్జన్‌కు రెండు భయాలుండేవి. ఎక్కువ తీస్తే ఆకారం పాడవుతుంది, తక్కువ తీస్తే జబ్బు మిగిలిపోతుంది. ఆకారం కోసం చెయ్యి వెనక్కి లాక్కుంటే అంచుల్లో జబ్బు మిగిలి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చేది. మామూలు లంపెక్టమీ (గడ్డ వరకే తీసే ఆపరేషన్) తర్వాత ఐదుగురిలో ఒకరికి దాకా రెండోసారి కోయాల్సిరావడం ప్రపంచమంతా ఉన్నదే. రొమ్ము తగ్గించే ఆపరేషన్లలో ప్లాస్టిక్ సర్జన్లు వాడే కోతలను క్యాన్సర్ పనికి వాడితే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. గడ్డ చుట్టూ ధైర్యంగా, వెడల్పుగా తీయొచ్చు, మిగిలిన కణజాలాన్ని జరిపి ఖాళీ పూడ్చొచ్చు. పారిస్‌లో పనిచేసిన క్లఫ్ బృందం 2010లో ప్రచురించిన వర్గీకరణనే చాలామంది పాటిస్తారు. రొమ్ములో 20 శాతం లోపు తీయాల్సి వస్తే లోపలి కణజాలాన్ని కాస్త జరిపి కుట్టేస్తే సరిపోతుంది, అది మొదటి స్థాయి. 20 నుంచి 50 శాతం దాకా తీయాల్సి వస్తే చర్మంతో సహా రొమ్మును తిరిగి మలచాలి, అది రెండో స్థాయి. రొమ్ము చిన్నదైతే జరపడానికి కణజాలమే ఉండదు. అప్పుడు చంక కింద పక్కటెముకల మీద ఉండే కొవ్వునూ చర్మాన్నీ రక్తనాళంతో సహా తిప్పి తెస్తారు, లేదంటే వీపు కండరం తెస్తారు.

మీ అమ్మగారి విషయంలో గడ్డ ఉన్న చోటు కలిసొచ్చింది. 3.2 సెంటీమీటర్ల గడ్డకు చుట్టూ ఒక సెంటీమీటరు వేసుకున్నా 5 సెంటీమీటర్లు దాటిన ముక్క బయటికొస్తుంది. రొమ్ము కింది భాగం నుంచి అంత ముక్క తీసి పైన చర్మం కుట్టేసి వదిలేస్తే, రెడియేషన్ అయ్యాక ఆ ఖాళీ ముడుచుకుపోయి చనుమొన కిందికి వంగిపోతుంది. కింది భాగం గడ్డలకు పాత పద్ధతిలో వచ్చే వికారం ఇదే, తర్వాత దాన్ని సరిచేయడం చాలా కష్టం. అదే రొమ్ము తగ్గించే ఆపరేషన్‌లో అయితే సర్జన్ ఎలాగూ తీసి పారేసేది ఆ కింది భాగాన్నే. గడ్డ సరిగ్గా అక్కడే కూర్చుంది. రొమ్ము పెద్దదిగా, జారి ఉందని రాశారు కాబట్టి ఆ విజయవాడ సర్జన్ ఆలోచన నాకు సబబుగానే తోస్తోంది. ఇదే గడ్డ పైన, లోపలి వైపు, అంటే మెడలో గొలుసు వేలాడే వైపు ఉంటే ఇంత తేలిగ్గా చెప్పేవాణ్ణి కాను. అక్కడ కణజాలం పలచన, మచ్చ కూడా జాకెట్టు మెడలోంచి కనబడుతుంది.

పని ఎలా జరుగుతుందో కాస్త చెబుతాను, అమ్మకు చదివి వినిపించండి. తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఆపరేషన్ ముందు సాయంత్రమో ఆ ఉదయమో సర్జన్ వచ్చి అమ్మను నిలబెట్టి స్కెచ్ పెన్నుతో గీతలు గీస్తారు. జాకెట్టుకు కొలతలు తీసుకున్నట్టు నిలబెట్టే గీయాలి, పడుకోబెడితే రొమ్ము పక్కకు జారిపోయి లెక్క తప్పుతుంది. గొంతు కింది గుంట నుంచి నిలువుగా మధ్య గీత, రొమ్ము కింది మడత వెంట ఒక గీత, చనుమొన కొత్తగా ఎక్కడికి రావాలో ఒక గుర్తు, గడ్డ ఉన్న చోట దాని సరిహద్దు. ఆ సమయంలో ఒక నర్సమ్మ తప్పకుండా పక్కనుండాలి, లేకపోతే మీరు అడగండి. చాలామంది అమ్మలు ఆపరేషన్ కన్నా ఈ గీతల దగ్గరే ఎక్కువ సిగ్గుపడి, బాధపడతారు. ఆ రాత్రి స్నానంలో గీతలు చెరిగిపోకుండా చూసుకోమని చెప్పండి.

థియేటర్లో గడ్డను చర్మం నుంచి ఛాతీ కండరం మీది పొర దాకా, చుట్టూ మంచి కణజాలంతో కలిపి ఒకే ముక్కగా తీస్తారు. ముక్క చేతిలోకి రాగానే మొదట చేయాల్సిన పని దాని దిక్కులు గుర్తుపెట్టడం. పొట్టి దారం పై అంచుకు, పొడుగు దారం చంక వైపు అంచుకు కుడతారు. ఈ రెండు దారాలు లేకుండా ముక్క ల్యాబుకు వెళితే, రేపు రిపోర్టులో "ఒక అంచులో జబ్బు ఉంది" అని వచ్చినా అది ఏ అంచో ఎవరూ చెప్పలేరు. ల్యాబులో పాథాలజిస్టు ముక్క అంచులకు రంగు సిరాలు పూసి, పలచని పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఆ సిరా మీద క్యాన్సర్ కణాలు లేకపోతే అంచు శుభ్రంగా ఉన్నట్టే. పాకే రకం క్యాన్సర్‌కు ఇది చాలని 2014లో అమెరికా సర్జన్లు, రెడియేషన్ నిపుణులు కలిసి మార్గదర్శకం ఇచ్చారు. నాళాల్లోపలే ఉన్న డీసీఐఎస్‌కైతే 2 మిల్లీమీటర్ల దూరం కావాలన్నారు. అంతకుముందు ఒకరు 5 మిల్లీమీటర్లని, ఒకరు సెంటీమీటరని ఎవరి లెక్క వాళ్లు చెప్పేవాళ్లు.

గడ్డ తీసిన గోతిలో గోడలకు చిన్న చిన్న టైటానియం క్లిప్పులు పెడతారు, నాలుగో అయిదో. ఇవి జీవితాంతం లోపలే ఉంటాయి, ఇబ్బందేమీ లేదు. వీటి సంగతి తప్పకుండా అడగండి, నా దృష్టిలో ఈ మొత్తం ఆపరేషన్‌లో అతి చవకైన, అతి ఎక్కువగా మర్చిపోయే వస్తువు ఇదే. ఆంకోప్లాస్టిక్‌లో కణజాలాన్ని జరిపేస్తాం కదా, గడ్డ ఉన్న చోటు పైన కనబడే మచ్చ కింద ఉండదు, ఎక్కడికో జరిగిపోయి ఉంటుంది. క్లిప్పుల్లేకపోతే రెడియేషన్ డాక్టర్ బూస్ట్ డోసు (గడ్డ ఉన్న చోటికి అదనంగా ఇచ్చేది) ఎక్కడ ఇవ్వాలో అంచనాతో ఇవ్వాలి. అంచులో జబ్బు మిగిలి రెండోసారి లోపలికి వెళ్లాల్సి వచ్చినా ఆ క్లిప్పులే దారి చూపిస్తాయి. అలా మిగిలినప్పుడు ఒక్కోసారి ఆ అంచు వరకు మళ్లీ తీస్తే సరిపోతుంది, ఒక్కోసారి చివరికి మొత్తం తీయాల్సి వస్తుంది. ఈ రెండో మాట ఆపరేషన్‌కు ముందే అమ్మకు చెప్పాలి. చెప్పకుండా సంతకం పెట్టించే సర్జన్ దగ్గర నేనైతే చేయించను.

చంక గురించి రెండు ముక్కలు. ఇప్పుడు గ్రంథులన్నీ ఊడ్చేయాల్సిన పనిలేదు. నీలం రంగు మందో, రేడియో ధార్మిక మందో, పచ్చగా మెరిసే ఐసీజీయో ఎక్కించి మొదటి కాపలా గ్రంథులను, అంటే జబ్బు చంకకు పాకితే ముందుగా చేరేవాటిని మాత్రం తీసి చూస్తారు. దాన్నే సెంటినెల్ నోడ్ బయాప్సీ అంటారు. రొమ్ము ఉంచుకునేవాళ్లకు ఇక్కడ ఇంకో లాభముంది. జెడ్-11 అనే ట్రయల్ ఫలితాల ప్రకారం గడ్డ 5 సెంటీమీటర్ల లోపుండి, రొమ్ము ఉంచి, మొత్తం రొమ్ముకు రెడియేషన్ ఇస్తున్నప్పుడు ఒకటి రెండు కాపలా గ్రంథుల్లో జబ్బు దొరికినా మిగతా చంక ఖాళీ చేయక్కర్లేదు. 10 ఏళ్ల లెక్కల్లోనూ తేడా రాలేదు. అంటే చెయ్యి వాపు ముప్పు బాగా తగ్గుతుంది. మిరప కోతలకు వెళ్లే మనిషికైనా, వంటింట్లో గుండిగలు దించే మనిషికైనా చెయ్యి వాపు చిన్న విషయం కాదు. ఒకసారి వస్తే ఊరికే పోదు.

ఇక సుగర్. మీ ప్రశ్నలో అన్నిటికంటే గట్టిగా పట్టించుకోవాల్సింది ఇదేనని నా ఉద్దేశం. ఈ ఆపరేషన్‌లో కోత చనుమొన చుట్టూ, అక్కడి నుంచి నిలువుగా కిందికి, మడత వెంట అడ్డంగా ఉంటుంది. నిలువు కోత అడ్డ కోతను కలిసే మూల దగ్గర చర్మానికి రక్తం తక్కువ, బిగువు ఎక్కువ. సుగర్ అదుపులో లేనివాళ్లకు విచ్చుకునేది అక్కడే. విచ్చుకున్న గాయం చాలావరకు డ్రెస్సింగులతోనే మానుతుంది గానీ వారాలు పడుతుంది, ఆ వారాలన్నీ కీమో, రెడియేషన్ వెనక్కి జరుగుతాయి. అసలు నష్టం అది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సుగర్ సగటు చెప్పే పరీక్ష) 8 దాటి ఉంటే ముందు ఫిజీషియన్‌కు చూపించి, అవసరమైతే కొన్నాళ్లు ఇన్సులిన్ పెట్టించి దారికి తెచ్చాకే ఆపరేషన్‌కు వెళ్లండి. రెండు మూడు వారాలు ఇందుకు పోతే జబ్బు ముదిరిపోదు.

సుగర్ ఉంది కాబట్టే కుడి రొమ్ము సంగతి వాయిదా వేయమంటాను. సమానం చేసే ఆపరేషన్ అదే రోజు చేయొచ్చు, చాలామంది చేస్తారు, ఒకే మత్తులో పని అయిపోతుంది. కానీ ఆరోగ్యంగా ఉన్న రొమ్ము మీది కోత మానక క్యాన్సర్ వైద్యం ఆగిపోతే ఆ బాధ చెప్పనలవి కాదు. పైగా రెడియేషన్ తర్వాత ఎడమది కాస్త గట్టిపడి, కొద్దిగా చిన్నదవుతుంది. ఎంత చిన్నదైందో చూసుకుని ఏడాది తర్వాత కుడిదాన్ని దానికి తగ్గట్టు చేస్తే లెక్క బాగా కుదురుతుంది. అప్పటికి అమ్మకే అక్కర్లేదనిపించవచ్చు, అదీ మంచిదే. ఇది నా పద్ధతి, ఆ విజయవాడ సర్జన్ వేరేలా చెబితే కారణం అడగండి, తప్పేమీ లేదు.

గాయం మానే రోజుల్లో మన ఇళ్లలో జరిగేది ఒకటుంది. పప్పు తింటే చీము పడుతుందని పప్పు మానిపిస్తారు, వేడని గుడ్డు మానిపిస్తారు, వంకాయ, గోంగూర సరే సరి. చివరికి చారన్నం, బ్రెడ్డు ముక్క మిగులుతాయి. పుండు మానేది మాంసకృత్తులతో. పప్పు, గుడ్డు, పెరుగు, చేప అన్నీ పెట్టండి, సుగర్ చూసుకుంటూ పెట్టండి. ఇంకొకటి, ఎండాకాలంలో ఆపరేషన్ పడితే రొమ్ము కింది మడతలో చెమట పట్టి కుట్లు నానుతాయి. మన రోహిణి కార్తె సంగతి చెప్పేదేముంది. మెత్తటి నూలు బట్ట మడతలో పెట్టి తడవగానే మారుస్తూ ఉండాలి. ముందు హుక్కులున్న, తీగ లేని మెత్తటి బ్రా పగలూ రాత్రీ వేసుకోవాలి. పసుపు, కొబ్బరినూనె, ఎవరో ఇచ్చిన పౌడర్లు కుట్ల మీద పూయొద్దు.

ఎవరికి ఈ పద్ధతి పనికిరాదో కూడా చెప్పాలి. మామోగ్రాంలో సున్నపు చుక్కలు రొమ్మంతా చల్లినట్టుంటే, చర్మం ఎర్రబడి నారింజ తొక్కలా మారిన ఇన్‌ఫ్లమేటరీ రకమైతే, ఆ ఛాతీకి ఇంతకుముందే రెడియేషన్ ఇచ్చి ఉంటే, ఎన్నిసార్లు తీసినా అంచుల్లో జబ్బు వస్తూనే ఉంటే మొత్తం తీయడమే సరైన వైద్యం. వేర్వేరు భాగాల్లో రెండు మూడు గడ్డలుంటే ఒకప్పుడు ఖచ్చితంగా వద్దనేవాళ్లం, ఇప్పుడు కొందరికి చేస్తున్నాం, మనిషిని బట్టి చూడాలి. మీ రిపోర్టుల్లో అల్ట్రాసౌండ్ గురించే రాశారు, రెండు వైపులా మామోగ్రాం మాట లేదు. అది లేకుండా రొమ్ము ఉంచాలన్న నిర్ణయం ఎవరూ తీసుకోకూడదు. గుంటూరు సర్జన్ మొత్తం తీయాలన్నది మామోగ్రాంలో ఏదైనా కనబడే అన్నారేమో నాకు తెలియదు, మీరు అడిగి తెలుసుకోండి. ఆయన మాటకు అలాంటి కారణముంటే నేను రాసిందంతా పక్కన పెట్టేయాలి. అమ్మ వైపు చుట్టాల్లో ఎవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి, జన్యు పరీక్ష చేయించాలేమో చూస్తారు.

మన ప్రాంతంలో రొమ్ము దక్కకుండా పోవడానికి నేను చూసిన కారణాల్లో గడ్డ పెద్దదవడం ఒక్కటే కాదు. ముక్క పరీక్ష చేయకుండా "చిన్న గడ్డే కదా" అని నర్సింగ్ హోంలో అడ్డదిడ్డంగా కోసి తీసేసి, ముక్కను ఒక డబ్బాలో పడేసి, క్యాన్సరని తేలాక పంపిస్తారు. దిక్కులు తెలియవు, అంచులు తెలియవు, కోత ఉండాల్సిన చోట ఉండదు. అప్పుడు ఎంత చేయి తిరిగిన సర్జన్‌కైనా మిగిలే దారులు తక్కువ. ఇంకొందరికి గడ్డ కుదించడానికి ముందే కీమో ఇస్తారు. హర్2 పాజిటివ్, ట్రిపుల్ నెగటివ్ (ఈఆర్, పీఆర్, హర్2 మూడూ నెగటివ్) రకాల్లో గడ్డ 2 సెంటీమీటర్లు దాటితే మామూలుగా కీమోతోనే మొదలుపెడతాం, అది మంచి పద్ధతే. కానీ మొదలుపెట్టే ముందు గడ్డలో ఒక చిన్న క్లిప్పు పెట్టించాలి. మందు బాగా పనిచేస్తే గడ్డ మాయమైపోతుంది, క్లిప్పు లేకపోతే ఏది తీయాలో తెలియక రొమ్మంతా తీయాల్సి వస్తుంది. మందు బాగా పనిచేసినందుకు రొమ్ము పోయిందన్నమాట! మీ అమ్మగారి రకానికి సాధారణంగా ఆపరేషనే ముందు, కాబట్టి ఈ సమస్య లేదు. మీ ప్రశ్న చదివే మిగతావాళ్ల కోసం రాశాను. ముక్క పరీక్ష చేస్తే, కత్తి పెడితే పాకుతుందన్న మాట కూడా ఇంకా వినబడుతోంది. అది నిజం కాదు, అంతకంటే ఎక్కువ దాని మీద రాయను.

రెడియేషన్‌ను ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారు, పేరు వినే కొందరు జంకుతారు. ఎక్స్‌రే తీయించుకుంటున్నట్టే ఉంటుంది, లోపల ఉన్నంతసేపు నొప్పేమీ తెలియదు. చివరి వారాల్లో చర్మం ఎర్రబడి మండుతుంది, నల్లబడుతుంది, తర్వాత తగ్గుతుంది. ఒకప్పుడు అయిదు వారాలు పట్టేది. ఇప్పుడు ఎక్కువగా 40 గ్రే (రెడియేషన్ కొలత) డోసును 15 సిట్టింగుల్లో, అంటే మూడు వారాల్లో ఇస్తున్నారు, అవసరాన్ని బట్టి బూస్ట్ కలుస్తుంది. 2020లో ఫాస్ట్ ఫార్వర్డ్ ట్రయల్ తర్వాత 26 గ్రేను 5 రోజుల్లోనే ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది, అందరికీ కాదు గానీ అడగడంలో తప్పులేదు. జబ్బు ఎడమవైపు కాబట్టి గుండెకు రెడియేషన్ తగలకుండా ఊపిరి బిగబట్టించి ఇచ్చే పద్ధతి ఉందేమో కనుక్కోండి. అమ్మకు ఇంట్లో ఊపిరి బిగబట్టడం ముందే సాధన చేయిస్తే అక్కడ తేలికవుతుంది. దీనికోసం హైదరాబాద్ పరుగెత్తక్కర్లేదు, విజయవాడ, గుంటూరు చుట్టుపక్కలే యంత్రాలున్నాయి. సత్తెనపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చిపోతే మనిషి అలిసిపోతుంది. ఆ మూడు వారాలూ గుంటూరులో చుట్టాలింట ఉండే ఏర్పాటు ఆపరేషన్‌కు ముందే చూసుకోండి. ఆపరేషన్ అయ్యాక "ఇప్పుడు బాగానే ఉందిగా" అని మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువమంది ఈ ప్రయాణం చేయలేకే మానేస్తారు.

ఖర్చు విషయం. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రెడియేషన్ నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో దాని కింద చేస్తారు. ఆంకోప్లాస్టిక్ పనిని ఏ ప్యాకేజీ కింద పెడుతున్నారు, చేతి నుంచి ఏమైనా కట్టాలా అన్నది చేరకముందే ఆసుపత్రిలోని పథకం డెస్కులో కాగితం మీద రాయించుకోండి. మూడో అభిప్రాయం కావాలనిపిస్తే మంగళగిరి ఎయిమ్స్ ఉంది, గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది. ఎక్కడికి వెళ్లినా సర్జన్, కీమో డాక్టర్, రెడియేషన్ డాక్టర్ ముగ్గురూ ఆపరేషన్‌కు ముందే కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటును ఎంచుకోండి. ఆపరేషన్ అయ్యాక రెడియేషన్ డాక్టర్‌కు తొలిసారి కనబడటం ఆలస్యమే.

మేనమామగారి మాటకు వస్తాను. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు, చెల్లెలు బతకాలన్న ఆత్రం అది. ఆయనకు బీ-06 సంగతి చెప్పండి, అందం గురించి వాదించొద్దు. స్వీడన్‌లో దాదాపు 49 వేల మంది లెక్కలు 2021లో ప్రచురించారు, అందులో రొమ్ము ఉంచి రెడియేషన్ తీసుకున్నవాళ్లు మొత్తం తీయించుకున్నవాళ్లకంటే కాస్త ఎక్కువ కాలమే బతికారు. అది చీటీలు తీసి విడదీసిన ట్రయల్ కాదు, కాబట్టి ఉంచితే ఎక్కువ బతుకుతారని నేననను. ఉంచితే నష్టమన్న భయానికి మాత్రం అది జవాబు. ఆంకోప్లాస్టిక్ పద్ధతి మీద కూడా అలా విడదీసి చేసిన పెద్ద ట్రయల్ లేదు. చేయించుకున్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన లెక్కల్లో మాత్రం జబ్బు తిరగబెట్టడం మామూలు పద్ధతికంటే ఎక్కువ కనబడలేదు.

మీ ఉత్తరమంతా చదివాక నాకు కనబడనిది అమ్మ మాట. గుంటూరు డాక్టరేమన్నారో, విజయవాడ డాక్టరేమన్నారో, మావయ్య ఏమన్నారో రాశారు. నా గదిలోనూ ఎప్పుడూ ఇదే వరస, పేషెంటు స్టూలు మీద కూర్చుని ఉంటుంది, కొడుకూ, అన్నా, మరిదీ నాతో మాట్లాడుతుంటారు. వాళ్లను కాసేపు బయట కూర్చోమని ఆమెనొక్కదాన్నే అడిగితే వచ్చే జవాబు చాలాసార్లు వేరు. అరవై దాటినావిడ కూడా ఉంచమని అడుగుతుంది. నలభై దాటనావిడ ఒకతి తీసేయండి డాక్టరుగారూ, మళ్లీ మామోగ్రాం తీయించుకున్న ప్రతిసారీ వణకలేను అంటుంది. రెండూ సరైన జవాబులే. మొత్తం తీయించుకుంటే ఆవిడ ఓడిపోయినట్టు కాదు, తర్వాత కావాలనుకుంటే రొమ్ము కొత్తగా నిర్మించే దారి కూడా ఉంది, బ్రా లోపల పెట్టుకునే ప్యాడ్లున్నాయి. పెద్ద రొమ్మున్నవాళ్లకు ఒకవైపు పూర్తిగా తీస్తే బరువు తేడాతో మెడ, భుజం లాగుతాయన్నది మాత్రం అమ్మకు ముందే తెలియాలి. అమ్మను మీరొక్కరే కూర్చోబెట్టుకుని అడగండి.

విజయవాడ సర్జన్ దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు, ఇలాంటి కింది భాగం గడ్డలకు మీరే చేస్తారా, ప్లాస్టిక్ సర్జన్ కలుస్తారా అని అడగండి. మీరు చేసినవాళ్ల ఫొటోలు, మొహం లేకుండా, ఏడాది తర్వాతవి చూపిస్తారా అని అడగండి. వారం తర్వాత తీసిన ఫొటోలు అందరివీ బాగానే ఉంటాయి. అంచులో జబ్బు వస్తే మీ ప్రణాళిక ఏమిటో అడగండి. అడిగితే కోప్పడే డాక్టరైతే ఇంకొకర్ని చూసుకోవచ్చు, ఊళ్లో కొరత లేదు.

నిర్ణయానికి రెండు మూడు వారాలు తీసుకోండి, నెలలు మాత్రం వద్దు. ఆ లోపు మామోగ్రాం, హెచ్‌బీఏ1సీ చేయించండి. ముక్క పరీక్ష చేసిన ల్యాబుకు వెళ్లి స్లైడ్లు, మైనపు బ్లాకు (ముక్కను మైనంలో భద్రపరిచింది) రెండూ అడిగి తెచ్చుకోండి. బ్లాకును కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెట్టొద్దు, కరుగుతుంది. మామోగ్రాం రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.